నిండిన గడులు, నిండని పాఠం: ఆన్‌లైన్ కోర్సు టెంప్లేట్‌పై ఒక విమర్శ

దూరవిద్యలో రెండో సంవత్సరానికి వచ్చిన విద్యార్థి ఎవరైనా, పాఠ్యపుస్తకం తెరవకుండానే లోపల ఏముంటుందో చెప్పగలరు. ముందు విషయక్రమం, తర్వాత లక్ష్యాలు, పరిచయం, అంశాలవారీగా వివరణ, మధ్యమధ్య ‘మీ ప్రగతిని పరీక్షించుకోండి’ అనే పెట్టె, చివర సారాంశం, మాదిరి పరీక్ష ప్రశ్నలు, కఠినపదాలకు అర్థాలు, చదవదగిన గ్రంథాలు. చరిత్ర అయినా, అర్థశాస్త్రం అయినా, తెలుగు సాహిత్యం అయినా ఇదే వరస. ఈ వరసనే ఇవాళ టెంప్లేట్ అంటున్నాం. అచ్చు పుస్తకాల కాలంలో దీన్ని పాఠ్యరచయితలూ సంపాదకులూ మాత్రమే పట్టించుకునేవారు. ఆన్‌లైన్ కోర్సులు వచ్చాక ఇది ప్రతి విశ్వవిద్యాలయంలోనూ సమావేశాలు పెట్టి చర్చించే విషయమైంది.

కావ్యాన్ని విమర్శిస్తాం, నాటకాన్ని విమర్శిస్తాం. గడులు గీసిన ఒక పట్టికను విమర్శించడమేమిటని మీకు అనిపించవచ్చు. కాని టెంప్లేట్ కూడా ఒక రచనే. దానికీ కర్తలున్నారు. చదివేవాడు ఎలా ఉంటాడు, ఎక్కడ కూర్చుంటాడు, ఎంతసేపు చదువుతాడు, ఎక్కడ తడబడతాడు అనే విషయాల్లో వారికి ఒక ఊహ ఉంటుంది. ఆ ఊహ ఎంతవరకు నిజమో పరిశీలించడమే ఈ వ్యాసం పని. ఇందులో మీకు నేరుగా సంబంధం ఉంది. ఉపాధ్యాయుడు ఎదుట లేని చదువులో పాఠం ఆకృతే సగం ఉపాధ్యాయుడు. ఆకృతి చెడితే, విద్యార్థి తనకు తెలివి చాలలేదనుకుని పుస్తకం మూసేస్తాడు. లోపం పాఠంలో ఉందని అతనికి ఎవరూ చెప్పరు.

మూస, ఛందస్సు

టెంప్లేట్‌కు తెలుగులో ‘మూస’ అనే మాట వాడుకలో ఉంది. తెలుగు వికీపీడియా ఈ మాటనే స్వీకరించింది. లోహాన్ని కరిగించే పాత్రకూ, పోతపోసే అచ్చుకూ మన పెద్దలు వాడిన మాట ఇది. అయితే మనం ‘మూస కథ’, ‘మూస సినిమా’ అన్నప్పుడు అందులో చులకన ఉంటుంది. మూసలో పోసినదంటే జీవం లేనిదని అర్థం. ఈ చులకనను పట్టుకుని కొందరు అధ్యాపకులు టెంప్లేటే వద్దంటారు, ఎవరి పాఠం వారి పద్ధతిలో ఉండాలంటారు. నేను దీన్ని అంగీకరించను. ఒక సెమిస్టర్‌లో ఆరు కోర్సులు చదివే విద్యార్థి ఆరు రకాల దారులు నేర్చుకుంటూ కూర్చోలేడు. ప్రశ్నలు ఎక్కడుంటాయో, గడువు ఎక్కడ రాస్తారో, సందేహం ఎవరిని అడగాలో అన్ని కోర్సుల్లో ఒకే చోట ఉంటే అతని శ్రద్ధ విషయం మీదికి పోతుంది.

పద్యం చదివినవారికి దీన్ని చెప్పడం సులభం. ఛందస్సు కూడా ఒక మూసే. అయితే అన్ని ఛందస్సులూ ఒకే విధంగా కట్టడి చేయవు. ఉత్పలమాల తీసుకోండి. పాదానికి భ, ర, న, భ, భ, ర, వ అనే గణాలు, 20 అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం, ప్రాస తప్పనిసరి. ఏ స్థానంలో గురువు రావాలో, ఏ స్థానంలో లఘువు రావాలో ముందే ఖరారై ఉంటుంది. ఆటవెలది అలా కాదు. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ఇంద్రగణం ఎక్కడ రావాలన్నది నిర్ణయమే, కాని ఆరు ఇంద్రగణాల్లో ఏది అన్నది కవి ఇష్టం. ప్రాస నియమం లేదు. యతికి బదులు ప్రాసయతి చెల్లుతుంది. నియమం ఉంది, నియమంలో ఎంపిక కూడా ఉంది. వేమన పేరు చెప్పగానే ఆటవెలది గుర్తుకు రావడం ఊరికే కాదు. రోజువారీ మాట అందులో ఇమిడినంత తేలిగ్గా వృత్తంలో ఇమడదు.

ఈ తేడా మనసులో ఉంచుకోండి. మన ఆన్‌లైన్ టెంప్లేట్లలో చాలావరకు వృత్తాల్లా ఉన్నాయి. ప్రతి స్థానంలో ఏది ఉండాలో ముందే రాసిపెట్టారు. వీడియో ఇన్ని నిమిషాలు, ప్రశ్నలు ఇన్ని, పేజీలు ఇన్ని. మనకు కావలసింది ఆటవెలది వంటి టెంప్లేట్.

అచ్చు పాఠం ఎక్కడి నుంచి వచ్చింది

బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీకి 1969లో చార్టర్ వచ్చింది, 1971లో బోధన మొదలైంది. మన దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో ఏర్పడింది. అప్పటి పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం; 1991 నుంచి అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉంది. తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి, తర్వాత 1985లో ఢిల్లీలో ఏర్పడిన ఇగ్నోకూ తొలి ఉపకులపతి అయ్యారు. మీరు చదువుతున్న పాఠాల ఆకృతి ఈ సంస్థల అనుభవంలోంచి స్థిరపడింది.

ఆ ఆకృతి వెనక రెండు ఆలోచనలున్నాయి. మొదటిది స్వీడన్‌కు చెందిన బోర్యె హోంబెర్గ్‌ది. దూరవిద్య పాఠం విద్యార్థితో సాగే సంభాషణలా ఉండాలని, ఉపాధ్యాయుడు దారి చూపిస్తూ పక్కన నడుస్తున్నట్లు అనిపించాలని ఆయన వాదించారు. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీలో పనిచేసిన డెరెక్ రౌన్‌ట్రీ ఇలాంటి పాఠాన్ని అచ్చులో ఉన్న ట్యుటోరియల్‌గా వర్ణించారు. ‘మీ ప్రగతిని పరీక్షించుకోండి’ అనే పెట్టె ఈ ఆలోచనకు బిడ్డ. ఆ పెట్టెలో చుక్కల గీతలు ఎందుకున్నాయి? తరగతిలో ఉపాధ్యాయుడు మధ్యలో ఆగి ‘అర్థమైందా? ఏదీ, నువ్వు చెప్పు’ అని అడిగే క్షణాన్ని కాగితం మీదికి తేవడానికి. పాఠం చివరి పేజీలో జవాబులు ఇవ్వడం, ఆ ఉపాధ్యాయుడు ‘సరే, ఇప్పుడు చూసుకో’ అనడం వంటిది.

రెండో ఆలోచన జర్మనీకి చెందిన ఒటో పీటర్స్‌ది. దూరవిద్య, బోధనకు పారిశ్రామిక రూపమని ఆయన 1960లలోనే విశ్లేషించారు. పనిని విభజిస్తారు: ఒకరు రాస్తారు, ఒకరు సంపాదిస్తారు, ఒకరు అచ్చువేస్తారు, ఒకరు పంపిస్తారు, ఒకరు మూల్యాంకనం చేస్తారు. ప్రతి దశకూ ప్రమాణాలుంటాయి. వేలమందికి ఒకే నాణ్యతతో పాఠం అందాలంటే ఇది తప్పదు. ఇందులో నిందించవలసింది ఏమీ లేదు. ఒక పాఠం అద్భుతంగా, పక్క పాఠం అధ్వానంగా ఉండకుండా కాపాడింది ఈ ప్రమాణాలే.

అంటే మీ పాఠ్యపుస్తకానికి తల్లి సంభాషణ, తండ్రి కార్ఖానా. పోలికలు రెండు వైపులవీ ఉన్నాయి. ఆన్‌లైన్ కోర్సుకు టెంప్లేట్ తయారుచేసేటప్పుడు ఏ పోలిక మిగిలిందన్నదే నా ప్రశ్న.

నాలుగు భాగాల చట్రం

2017 జూలై 9న ప్రారంభమైన ‘స్వయం’ మీలో చాలామందికి తెలుసు. యూజీసీ 2016 నిబంధనల ప్రకారం 20 శాతం వరకు, 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు ఇలాంటి ఆన్‌లైన్ కోర్సుల ద్వారా చదివి క్రెడిట్లు పొందడానికి విశ్వవిద్యాలయాలు అనుమతించవచ్చు. కాబట్టి స్వయం టెంప్లేట్ ఎలా ఉందన్నది ఇప్పుడు పట్టాకు సంబంధించిన విషయం.

ఆ టెంప్లేట్‌లో నాలుగు భాగాలు: వీడియో ఉపన్యాసం, దించుకుని చదువుకోగల పాఠ్యసామగ్రి, స్వయంమూల్యాంకన పరీక్షలు, సందేహాల చర్చావేదిక. చూడగానే మంచి పథకమనిపిస్తుంది. ఆలోచనగా మంచిదే. వినడం, చదవడం, పరీక్షించుకోవడం, అడగడం నాలుగూ ఉన్నాయి. చర్చావేదికను ఐచ్ఛికంగా వదలకుండా నాలుగు స్తంభాల్లో ఒకటిగా పెట్టడం దూరదృష్టి గల నిర్ణయం.

చిక్కు ఎక్కడంటే, ఈ నాలుగూ నాలుగు వేర్వేరు గదులు. పాఠం తయారీలో వాటిని నింపేవారు వేరు, నింపే సమయాలు వేరు. పరిశీలన సంఘం ముందుకు వచ్చేసరికి ప్రతి గడి ఎదుట ‘ఉంది’ అని టిక్కు పెడతారు. వీడియో ఉంది, పీడీఎఫ్ ఉంది, ప్రశ్నలు ఉన్నాయి, వేదిక ఉంది. విద్యార్థి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఎందుకు వెళ్లాలో, ఎప్పుడు వెళ్లాలో చెప్పే వాక్యం మాత్రం ఎక్కడా ఉండదు. అచ్చు పాఠంలో పెట్టె సరిగ్గా ఆ భావన వివరించిన పేరా కిందనే ఉండేది. ఆన్‌లైన్‌లో అది లేచిపోయి ‘మూల్యాంకనం’ అనే గదిలో పదో నంబరు ప్రశ్నగా కూర్చుంది. కార్ఖానా పోలిక నిలిచింది, సంభాషణ పోలిక చెదిరింది.

వీడియో గురించి క్లుప్తంగా చెప్తాను. ‘వీడియో ఆరు నిమిషాలు మించకూడదు’ అనే సూత్రం ఇప్పుడు అందరి నోటా ఉంది. దీనికి మూలం ఫిలిప్ గువో, మరిద్దరు పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనం. ఎడెక్స్ వేదికపై నాలుగు కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను వారు లెక్కించి, ఎంత పొడవైన వీడియో అయినా సగటు విద్యార్థి దానిపై నిలిచే సమయం ఆరు నిమిషాలకు మించడం లేదని గుర్తించారు. మంచి అధ్యయనం. కాని అది కొలిచింది ఎంతసేపు చూశారన్నదే, ఎంత నేర్చుకున్నారన్నది కాదు. ఆ నాలుగు కోర్సులూ సైన్స్, కంప్యూటర్, గణాంక శాస్త్రాలకు చెందినవి. ఒక సీసపద్యం చదివి, పదవిభాగం చేసి, అన్వయం చూపి, తాత్పర్యం చెప్పి, ఆ పైన అందులోని ధ్వనిని ముట్టుకోవాలంటే ఆరు నిమిషాలు చాలవు. రసాయనశాస్త్ర ప్రయోగానికి సరిపోయిన కొలతను పద్యబోధనకు చట్టం చేయడం తగదు. వీడియో ఎంతసేపు అన్నది ఆటవెలదిలో ఇంద్రగణం వంటిది. చోటు నిర్ణయించండి, ఎంపిక అధ్యాపకుడికి వదలండి.

పీడీఎఫ్ అనే గడి

రెండో భాగం దగ్గర కాస్త ఆగాలి. తెలుగు మాధ్యమ విద్యార్థికి అసలు నష్టం ఇక్కడ జరుగుతోంది, దాని గురించి మాట్లాడేవారు తక్కువ.

మన పాఠ్యపుస్తకాలు చాలా ఏళ్లపాటు పేజ్‌మేకర్‌లో, అను వంటి ఫాంట్లతో కంపోజ్ అయ్యాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ ఫాంట్లు కావు. తెరమీద, కాగితం మీద ‘ద్రవ్యోల్బణం’ అని చక్కగా కనిపిస్తుంది. కాని కంప్యూటర్‌కు అది తెలుగు అక్షరాల వరస కాదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన ఒక సంకేతాల వరస. ఆ ఫైలును అలాగే పీడీఎఫ్ చేసి ‘పాఠ్యసామగ్రి’ గడిలో పెడితే ఏమవుతుంది? 300 పేజీల్లో ‘ద్రవ్యోల్బణం’ ఎక్కడుందో వెతకడానికి ఆ మాట టైపు చేస్తే ఫలితం సున్నా. ఒక పేరా కాపీ చేసి నోట్సులో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. చూపులేని విద్యార్థి ఎన్‌వీడీఏ వంటి తెరచదువరిని వాడితే ఆ గుర్తులనే అది చదివి వినిపిస్తుంది. అదే పాఠం యూనికోడ్‌లో ఉంటే ఆ ఉచిత సాఫ్ట్‌వేరే తెలుగును తెలుగులా చదువుతుంది. స్కాన్ చేసిన పాత పుస్తకాల సంగతి మరీ ఘోరం. అవి కేవలం బొమ్మలు.

ఇంకొకటి. పుస్తకం పేజీ కొలతతో తయారైన పీడీఎఫ్‌ను అరచేతిలో ఫోన్‌లో చదవాలంటే ప్రతి వాక్యానికీ పక్కకు జరుపుకోవాలి. తెర వెడల్పును బట్టి వాక్యాలు సర్దుకునే వెబ్ పేజీగానో, ఈపబ్‌గానో ఇస్తే ఈ బాధ ఉండదు. తెలుగులో దీని అవసరం ఇంగ్లీషుకంటే ఎక్కువ. మన లిపిలో ఒత్తులూ గుణింతాలూ పైనా కిందా విస్తరిస్తాయి. అక్షరం చిన్నదైతే ‘ష్ట’కీ ‘ష్ఠ’కీ తేడా కనపడదు.

టెంప్లేట్‌లో ఈ గడికి ‘పీడీఎఫ్’ అని పేరు పెట్టినంతకాలం ఈ లోపాలేవీ పరిశీలకుడి కంట పడవు. పీడీఎఫ్ ఉంది కదా, టిక్కు పడుతుంది. గడికి ‘యూనికోడ్ తెలుగులో, వెతకడానికి వీలైన, ఫోన్‌లో సర్దుకునే పాఠం’ అని పేరు పెట్టి చూడండి. ఆ ఒక్క పేరు మార్పుతో ఎన్నో కోర్సులు వెనక్కి తిరిగి వెళతాయి. వెళ్లాలి కూడా.

వీడియో లేకుండా ఈ పాఠం ఒక్కదానితోనే కోర్సు పూర్తిచేయగలగాలన్నది నా అభిప్రాయం. వీడియోకు డేటా కావాలి, ఇంట్లో నిశ్శబ్దం కావాలి, ఫోన్ తన చేతిలో ఉండాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ పగలంతా తండ్రి దగ్గరో భర్త దగ్గరో ఉంటే, రాత్రి పదింటికి చేతికొచ్చిన ఫోన్‌లో చదివే అమ్మాయికి పాఠమే దిక్కు. ఉపన్యాసం మొత్తం రాతలో ఉండడం ఆమెకు సౌకర్యం కాదు, ప్రవేశం.

తప్పు జవాబుకు ఎవరు జవాబు చెప్తారు

ఇప్పుడు మూడో భాగం. ఒక ప్రశ్న చూద్దాం.

గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకం మొదటిసారి అచ్చయిన సంవత్సరం ఏది? 1892, 1897, 1909, 1915.

జవాబు 1897. దీన్ని మాదిరి ప్రశ్నగా ఇచ్చి, తప్పు రాసినవారికి ‘తప్పు, మళ్లీ ప్రయత్నించండి’ అని ఎర్రక్షరాల్లో చూపే కోర్సులే ఎక్కువ. ఆ విద్యార్థి మళ్లీ ప్రయత్నిస్తాడు. మిగిలిన మూడింట్లో ఇంకొకటి నొక్కుతాడు. మూడోసారో నాలుగోసారో పచ్చరంగు వస్తుంది. యంత్రం సంతోషిస్తుంది. విద్యార్థి ఏమీ నేర్చుకోలేదు.

ఆ నాలుగు సంవత్సరాలను మళ్లీ చూడండి. 1892 అన్నవాడికి ఏమీ తెలియదనుకోకూడదు. నాటకం మొదటిసారి ప్రదర్శితమైన ఏడు అది. అతను ప్రదర్శననూ ప్రచురణనూ కలిపేశాడు. 1909 అన్న అమ్మాయి, మనం ఇవాళ చదువుతున్న, బాగా పెంచి తిరగరాసిన రెండో కూర్పు తేదీ చెప్పింది. ఆమెకు తెలిసింది తక్కువేమీ కాదు, రెండు కూర్పులున్నాయన్న సంగతి మాత్రం పట్టలేదు. 1915 అన్నవారు గురజాడ మరణించిన సంవత్సరం చెప్పారు. మూడు తప్పులు, మూడు వేర్వేరు కథలు. తరగతిలో అనుభవమున్న మాస్టారైతే ఒక్కొక్కరికి ఒక్కో మాట చెప్పేవాడు. ‘అది ఆడిన సంవత్సరమమ్మా, అచ్చయినది కాదు’ అంటే చాలు, విద్యార్థికి జన్మలో మరిచిపోని విషయం దొరుకుతుంది.

దీనికి సాంకేతిక అడ్డంకి ఏమీ లేదు. మన విశ్వవిద్యాలయాల్లోనూ వాడుకలో ఉన్న మూడిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. అందులో బహుళైచ్ఛిక ప్రశ్న తయారుచేసే పేజీలో ప్రతి ఐచ్ఛికం కింద దానికి ప్రత్యేకమైన వ్యాఖ్య రాయడానికి ఒక పెట్టె ఉంటుంది. ఆ పెట్టెను ఖాళీగా వదిలినా ప్రశ్న సేవ్ అవుతుంది. టెంప్లేట్‌లో దాన్ని నింపాలని ఎవరూ అడగరు కాబట్టి రచయిత నింపడు. ప్రశ్నల సంఖ్య మాత్రం అడుగుతారు. పాఠానికి పది అంటే పది ఇస్తాడు. పది ప్రశ్నలు వ్యాఖ్యలు లేకుండా ఇవ్వడం ఒక గంట పని. నాలుగు ప్రశ్నలకు ప్రతి తప్పు జవాబు వెనక ఏ పొరపాటు ఉందో ఆలోచించి వ్యాఖ్యలు రాయడం ఒక రోజు పని. రెండోది పారితోషికం లెక్కలో కనిపించదు.

నా దృష్టిలో టెంప్లేట్ మొత్తంలో నిర్బంధంగా నింపించవలసిన గడి ఏదైనా ఉంటే అది ఇదే. ఐచ్ఛికానికి వ్యాఖ్య రాయలేకపోతే ఆ ఐచ్ఛికాన్ని తీసేయాలి. ఎందుకంటే ఏ పొరపాటునూ సూచించని తప్పు జవాబు కేవలం సంఖ్య నింపడానికి పెట్టినదే.

మరో మాట. ఈ సాఫ్ట్‌వేర్‌ను ఆస్ట్రేలియాలో మార్టిన్ డూజియామస్ రూపొందించారు, తొలి వెర్షన్ 2002లో వచ్చింది. నేర్చుకునేవారు కలిసి, చర్చించి, జ్ఞానాన్ని నిర్మించుకుంటారన్న సిద్ధాంతం మీద దీన్ని నిర్మించామని దాని కర్తలే చెప్తారు. కాని కొత్త కోర్సు తెరవగానే అందులో ముందుగా కనిపించేది ‘ప్రకటనలు’ అనే వేదిక. మామూలు అమరికలో అందులో అధ్యాపకుడు మాత్రమే రాయగలడు, విద్యార్థి చదవాలి. సిద్ధాంతం ఒకటి, వాకిట్లో పెట్టిన కుర్చీ ఇంకొకటి. దాని కింద వారాల గడులుంటాయి. మొదటి వారం, రెండో వారం, మూడో వారం. కోత రోజుల్లోనో, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నప్పుడో మూడు వారాలు చదవలేకపోయిన విద్యార్థి తిరిగి వచ్చి చూస్తే తేదీలు దాటిపోయిన గడులు వరసగా నిలబడి ఉంటాయి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవారు లేరు. తరగతిగదిలో క్రమంగా హాజరయ్యే విద్యార్థికి తగిన అమరిక ఇది. సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టిందే క్రమంగా హాజరు కాలేనివారి కోసం.

చర్చావేదిక గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. చాలా కోర్సుల్లో అది ఖాళీగా ఉంటుంది, ఆ కోర్సు విద్యార్థుల వాట్సప్ గ్రూపు మాత్రం కిటకిటలాడుతుంది. అంటే అడగడానికి ప్రశ్నలు లేక కాదు. సందేహం పాఠం మధ్యలో పుడుతుంది, వేదిక పాఠం బయట ఉంది. పైగా తెలుగులో టైపు చేయడం అలవాటు లేనివారికి ఇంగ్లీషులో అడగాలేమోనన్న జంకు. ప్రతి ముఖ్యమైన పేరా పక్కన ‘ఇక్కడ సందేహమా?’ అని ఒక లింకు, గొంతుతో అడిగే వీలు ఉంటే ఆ గది నిండుతుంది. జవాబు ఎన్ని రోజుల్లో ఇస్తారో కూడా అక్కడే రాయాలి.

అయితే ఎలా ఉండాలి

విమర్శించినవాడు ప్రత్యామ్నాయం చెప్పాలి. నేను కోరే టెంప్లేట్‌లో నిర్బంధ స్థానాలు కొన్నే ఉంటాయి.

పాఠం ‘లక్ష్యాల’తో కాక ఒక ప్రశ్నతో మొదలుకావాలి. బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు 1956లో వెలువరించిన వర్గీకరణ గొప్ప పనే. దాని పుణ్యమా అని మన ప్రతి పాఠం ‘పేర్కొనగలరు, వివరించగలరు, విశ్లేషించగలరు’ అనే క్రియలతో మొదలవుతుంది. ఆ క్రియలు పాఠ్యరచయితకు, ప్రశ్నపత్రం తయారుచేసేవారికి పనికొస్తాయి. వారికిచ్చే ప్రతిలో ఉంచండి. పాఠం ఇంకా చదవని విద్యార్థికి ‘ద్రవ్యోల్బణ కారకాలను వర్గీకరించగలరు’ అంటే ఏమీ తోచదు. ‘నిరుడు కిలో కందిపప్పు కొన్న డబ్బుతో ఈ ఏడు ముప్పావు కిలోనే ఎందుకు వస్తోంది?’ అంటే అతను చదవడం మొదలుపెడతాడు.

తర్వాత స్థానం తిరిగి వచ్చేవారికి. ప్రతి పాఠం పైన రెండు మూడు వాక్యాలు: దీనికి ముందు ఏ రెండు విషయాలు తెలిసి ఉండాలి, అవి ఎక్కడున్నాయి, ఇవాళ మీకు 20 నిమిషాలే ఉంటే ఏ భాగం చదివితే చాలు. ఇది రాయడం రచయితకు కష్టం, ఎందుకంటే తన పాఠంలో ఏది ప్రధానమో తేల్చుకోవలసి వస్తుంది.

ఆ తర్వాత యూనికోడ్ పాఠం, దాని మధ్యలోనే పెట్టెలు, పెట్టెల్లో వ్యాఖ్యలున్న ప్రశ్నలు. వీటి క్రమం, సంఖ్య రచయిత ఇష్టం. గణితమైతే సమస్యలు ఎక్కువ, చరిత్ర అయితే ఒక పటం, సాహిత్యమైతే ఒక పద్యం పఠించిన శబ్దం. వీడియో, యానిమేషన్ అవసరమైతేనే. అవసరం లేని గడిని ఖాళీగా వదిలే హక్కు టెంప్లేట్‌లోనే రాసి ఉండాలి. నేను పరిశీలించిన ఒక కోర్సులో ‘యానిమేషన్’ గడి తప్పనిసరి అన్నందుకు రచయిత గుండ్రంగా తిరిగే పుస్తకం బొమ్మ ఒకటి పెట్టాడు. ఆ కోర్సు విషయం వ్యాకరణం.

చివరి స్థానం తేదీకి. పాఠం ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎప్పుడు సవరించారు. ప్రణాళికా సంఘం స్థానంలో 2015 జనవరి 1న నీతి ఆయోగ్ వచ్చింది. ఆ తర్వాత కూడా ప్రణాళికా సంఘం వర్తమాన సంస్థ అన్నట్లు వివరించే పాఠం మీకెక్కడైనా ఎదురైతే, అది అబద్ధమో పాతదో తెలుసుకోవడానికి విద్యార్థికి ఉన్న ఒకే ఆధారం ఈ తేదీ. అచ్చు పుస్తకంలో ముద్రణ సంవత్సరమైనా ఉండేది. ఆన్‌లైన్ పాఠాలు చాలావాటికి పుట్టినరోజు లేదు.

దీనికి ఖర్చు ఎక్కువవుతుందని, అధ్యాపకుల సమయం ఎక్కువ పడుతుందని అభ్యంతరం రావచ్చు. అధ్యాపకుల సమయం ఎక్కువ పడుతుందన్నది నిజం. ఖర్చు అంతగా పెరగదు. స్టూడియోలో చిత్రీకరించే గంటల వీడియోలో కొంత తగ్గిస్తే ఆ డబ్బుతో వ్యాఖ్యలు రాసేవారికీ, పాత పాఠాలను యూనికోడ్‌లోకి మార్చి దిద్దేవారికీ పారితోషికం ఇవ్వవచ్చు. ఫాంటు మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గాని, మార్చాక మనిషి కన్ను పెట్టి దిద్దకపోతే ఒత్తులు తారుమారవుతాయి. ఆ పనికి డిగ్రీ చదివిన తెలుగు విద్యార్థులకంటే తగినవారు లేరు. మీలో కొందరికి అది ఉపాధి కూడా.

అభ్యాసం

మీరు చదువుతున్న ఏదైనా ఆన్‌లైన్ కోర్సులో ఒక పాఠాన్ని ఫోన్‌లో తెరవండి. (అ) పాఠంలోని ఒక తెలుగు మాటను వెతికి, దొరికిందో లేదో రాయండి. (ఆ) ఒక ప్రశ్నకు కావాలని తప్పు జవాబిచ్చి, తెరమీద ఏమి వచ్చిందో ఉన్నది ఉన్నట్లు రాయండి. (ఇ) ఆ తప్పు జవాబు ఎంచుకున్న తోటి విద్యార్థి పొరపాటు ఏమై ఉంటుందో ఊహించి, అతనికి మీరైతే ఏమి చెప్తారో మూడు వాక్యాల్లో రాయండి. రాసినదాన్ని అధ్యయన కేంద్రంలో మీ కౌన్సెలర్‌కు చూపి, కోర్సు సమన్వయకర్తకు పంపమని కోరండి.